మైనపు గీత

లెక్కల మాస్టారు ప్యాంటు తెచ్చి టైలరమ్మ బల్ల మీద పెట్టి, "నడుము దగ్గర కాస్త వదులు చెయ్యాలమ్మా" అన్న చోట పోయిన వారం ఆగాం. ఆ ఒక్క మాటకి టైలరమ్మ చేతిలో కత్తెర ఎందుకు ఆగిపోయిందో మొదటినుంచీ వెంట ఉన్నవాళ్లకు తెలుసు. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి కథలోకి వెళ్దాం.

టైలరమ్మ భర్త పోయి రెండో ఏడు నడుస్తోంది. ఆయన ఉన్న రోజుల్లో పొద్దున్నే పరుగుకు పోయేవాడు. ఆయనతోపాటు లెక్కల మాస్టారు, పళ్ల డాక్టరమ్మ, ఇంకా ఒకరిద్దరు. వీధి చివర పంపుహౌస్ దగ్గర మొదలుపెట్టి, తిన్నటి రోడ్డు మీద క్వారీ మలుపు దాకా పోయి, మళ్లీ పంపుహౌస్‌కి రావాలి. వెళ్లొచ్చినవాళ్లు అక్కడి గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీయాలి. సుద్దముక్కలు మాస్టారు బడినుంచి తెచ్చి గోడ సందులో దాచేవారు. ఆదివారం అందరూ గీతలు చూసుకుని, ఎగ్గొట్టినవాళ్లని కాసేపు ఏడిపించి, తడిగుడ్డతో తుడిచేసేవాళ్లు. ఈ గీతల గోల కనిపెట్టింది టైలరమ్మ భర్తే. "చిన్నపిల్లల్లా గోడల మీద గీతలేమిటండీ" అని ఆవిడ నవ్వేది. ఆయన పోయాక ఒకరోజు డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి, "పరిగెత్తకపోతే పోయె, నడవండి చాలు" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. అలా మొదలైంది ఆవిడ పరుగు. చలికాలమంతా గుంపు గుంపుగా, నవ్వుకుంటూ పరిగెత్తారు.

ఎండలు రాగానే గుంపు కరగడం మొదలైంది. ఒకరికి తలనొప్పి, ఒకరికి నిద్ర చాలదు. డాక్టరమ్మ ఏసీ గదిలో పరిగెత్తే యంత్రం కొనుక్కుని, "అదే పరుగు కదండీ, ఎక్కడైతేనేం" అంది. చివరికి టైలరమ్మ ఒక్కర్తే మిగిలింది. ఒక వారం ఆవిడ కూడా దుప్పటి లాక్కుని పడుకుంది. తరవాత ఒకనాడు ఊరికే పంపుహౌస్ దాకా నడిచివెళ్తే, గోడ మీద ఒక గీత కనిపించింది. తాజా గీత. "ఎండలు ముదిరితే నేను తెల్లారకముందే వచ్చి పోతా" అని మాస్టారు ఒకప్పుడు అన్న మాట గుర్తొచ్చింది. ఆ రోజునుంచి ఆవిడ ఒక్క పొద్దు మానలేదు. వెళ్లేసరికి గోడ మీద ఆ గీత ఉండేది. తను తిరిగొచ్చి పక్కన ఇంకోటి గీసేది. ఎవరో ఒకరు తనకంటే ముందు ఈ రోడ్డు మీద పోయారన్న ఆ కాస్త ధైర్యం మీదే ఎండాకాలమంతా బండి నడుస్తోంది. అది కూడా లేకపోతే తను మళ్లీ దుప్పటి లాక్కుంటుందని, ఈసారి లేవదని ఆవిడకి బాగా తెలుసు.

ఇప్పుడా మాస్టారు, రోజూ తెల్లారకముందే పరిగెత్తే మాస్టారు, నడుము వదులు చెయ్యమంటున్నారు.

టైలరమ్మ కత్తెర పక్కన పెట్టి టేపు తీసింది.

"ఇటు నిలబడండి మాస్టారూ. ఊపిరి బిగబట్టకండి."

"అబ్బే, బిగబట్టలేదమ్మా."

బిగబట్టారని టేపుకే తెలిసిపోయింది. ఆవిడ కావాలనే కాసేపు ఆగింది. మాస్టారి మొహం ఎర్రబడి, చివరికి ఆగలేక ఉసూరుమని గాలి వదిలారు. పొట్ట టేపుని తోసుకుంటూ ముందుకొచ్చింది. వెనక కుర్చీలో స్కూలు చొక్కాలకు గుండీలు కుడుతున్న అత్తగారు కళ్లద్దాల పైనుంచి ఒకసారి చూసి మళ్లీ తల దించుకుంది.

"చాలానే వదలాలి" అంది టైలరమ్మ. "లోపల గుడ్డ అంత లేదు. అతుకు వెయ్యాలి."

"వెయ్యమ్మా, బెల్టు కింద కనపడదులే" అని ఆయన ఇబ్బందిగా నవ్వారు. "సెలవులు కదా, ఇంట్లో కూర్చుని తినడం తప్ప పనేముంది?"

"అదేంటండీ, పొద్దున్నే పరుగు..."

మాస్టారు నీళ్లు నమిలారు. బోర్డు దగ్గర లెక్క రాని పిల్లాణ్ణి ఆయన రోజూ చూస్తూనే ఉంటారు గాని, తనే ఆ పిల్లాడవడం అలవాటు లేదు.

"నీ దగ్గర దాచేదేముంది చెల్లెమ్మా. ఎండలు మొదలైనప్పటినుంచీ కాలు బయట పెట్టలేదు. రోజూ అలారం పెట్టుకుంటా. అది మోగుతుంది, నేను దాని పీక నొక్కుతా. నువ్వొక్కదానివే వెళ్తున్నావని డాక్టరమ్మ చెప్పింది. నీకు ఎదురుపడాలంటే మొహం చెల్లక ఈ ప్యాంటు కూడా ఇన్నాళ్లు తేలేదు."

"మరి గీత..."

"ఏం గీతమ్మా?"

టైలరమ్మ టేపు చుట్ట చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. రేపు సాయంత్రం రమ్మని ఆయన్ని పంపించి, షట్టరు సగం దించి, అత్తగారితో ఒక్క మాటైనా చెప్పకుండా మిట్టమధ్యాహ్నపు ఎండలోకి నడిచింది.

వీధిలో నరపురుగు లేదు. ఎండ మొహం మీద కొడుతోంది. ఆ వేళప్పుడు పంపుహౌస్‌కి ఆవిడ ఎన్నడూ రాలేదు. ఎందుకొస్తుంది? పొద్దున్నే వెలుగు సరిగా రాకముందే గీత చూసుకుని, పరిగెత్తి, తన గీత గీసుకుని పోయే మనిషి. ఇప్పుడు కళ్లు చికిలించుకుని చూస్తే గోడ మీద తన గీతలన్నీ వరసగా, తెల్లగా ఉన్నాయి. వాటి పక్కన పొద్దున ఉన్న ఆ గీత మాత్రం లేదు.

ఆ గీత ఎప్పుడూ ఒక్కటే ఉండటం ఆవిడ గమనించకపోలేదు. మాస్టారు కదా, పాత లెక్క తుడిచి కొత్త లెక్క వేసే అలవాటు పోలేదనుకుని నవ్వుకునేది. దగ్గరికెళ్లి వేలితో రాసి చూసింది. సుద్దపొడి అంటలేదు. గోడ కాలుతోంది. గీత ఉండాల్సిన చోట సన్నగా, పొడుగ్గా నూనె మరక. దాని పక్కన ఇంకో మరక, ఆ పక్కన ఇంకోటి.

వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసన ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? ముదురు రంగు గుడ్డ మీద గుర్తులు పెట్టే మైనం బిళ్ల. కుట్టు అయిపోయాక ఇస్త్రీ పెట్టె తగిలిస్తే కరిగి, గుర్తు మాయమైపోతుంది. ఈ గోడ తూర్పు మొహం గోడ. పొద్దున గీసిన గీతను మధ్యాహ్నానికల్లా ఎండే ఇస్త్రీ చేసేస్తోంది. గోడ సందులో సుద్దముక్కలున్నాయని తెలిసినవాళ్లెవరూ మైనం బిళ్లతో గీయరు. మైనం బిళ్ల ఉన్న ఇల్లు ఈ వీధిలో ఒకటే ఉంది.

ఇన్నాళ్లూ ఆ గీతతో ఎన్ని కబుర్లు చెప్పిందో ఆవిడకే తెలుసు. "ఇవాళ మీరే గెలిచారు మాస్టారూ" అని పైకే అనేది. మలుపు దగ్గర గుండె దడదడలాడినప్పుడు, ముందెవరో పోయారు, నేనూ పోగలను అనుకునేది. ముందెవరూ పోలేదు. రోడ్డంతా తనొక్కర్తే.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు అదే కుర్చీలో ఉంది. ఫ్యాను తిరుగుతోంది గాని గాలి ఆడటం లేదు. టైలరమ్మ మిషను సొరుగు లాగి మైనం బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది. దాని అంచు ఒక పక్క గరుకుగా అరిగిపోయి, సిమెంటు రేణువులు అంటుకుని ఉన్నాయి.

"ఇదేంటత్తయ్యా?"

అత్తగారు దాని వంక చూడలేదు. "ఎండన పడి ఎక్కడికి పోయావు? మొహం చూడు ఎలా కందిపోయిందో. నీళ్లు తాగు ముందు."

"గోడ మీద గీతలు మీరేనా?"

దారం సూదిలోకి ఎక్కించబోతున్న చెయ్యి ఆగింది. అత్తగారికి అబద్ధం చెప్పడం రాదు. వస్తే ఈ కథ ఇంకో నాలుగు వారాలు సాగేది.

"పాలకి పోతానుగా పొద్దున్నే" అంది నెమ్మదిగా. "పాల కొట్టు పక్కనే గోడ."

"పరుగంటేనే మీకు మంటగా! 'ఎండలో ఆ గంతులేమిటే' అని రోజూ సాధిస్తారుగా!"

"సాధిస్తాను. మోకాళ్లు అరిగాక నీకే తెలుస్తుంది."

"మరెందుకు గీశారు?"

అత్తగారు కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. తరవాత మొదలుపెడితే మటుకు ఆగలేదు.

"నువ్వు పరిగెత్తొచ్చిన రోజు మాట్లాడతావే. చెమటలు కక్కుకుంటూ వస్తావు, నిలబడే గటగటా నీళ్లు తాగుతావు, ఇక చెప్పడం మొదలుపెడతావు. కుక్క వెంటబడిందని, క్వారీ లారీవాడు హారన్ కొట్టి సలాం చేశాడని, ఆ మలుపు దాటితే గాలి చల్లగా ఉంటుందని. చొక్కా మార్చుకునే దాకా ఆ వాగుడు వాగుతూనే ఉంటావు. నేను పొయ్యి దగ్గర వింటూ ఉంటా. ఈ ఇంట్లో మాటలు ఆ కాసేపే. తరవాత ఇక మిషను చప్పుడే. నువ్వు మానేశావే ఒక వారం, ఆ వారమంతా నాతో ఏం మాట్లాడావో గుర్తుందా? 'అన్నం పెట్టనా', 'గుండీలు అయ్యాయా'. అంతే. నీకు లెక్కలోకి రాలేదేమో, నాకొచ్చింది. వాడు పోయాక నాకు మాట్లాడే దిక్కు నువ్వొక్కదానివే. నువ్వు కూడా మూగదానివైపోతే ఎట్టా అని భయం వేసింది. గీత ఉంటే పరిగెత్తుతావని నువ్వే చెప్పావుగా, అందరూ మానేస్తున్నారు, ఒక్క గీతైనా కనపడితే బాగుండునని. వెళ్లి గీశా. అది పని చేసింది. రోజూ గీశా."

వేరే రోజైతే టైలరమ్మ ఆ కుర్చీ దగ్గర కూలబడి ఏడ్చేది. పాఠకులు కూడా అదే ఆశిస్తూ ఉంటారు. కాని ఎండన పడి వచ్చిన కోపం అంత తొందరగా చల్లారదు, పైగా దాని వెనక ఉన్నది సిగ్గు. గోడతో మాట్లాడిన మనిషినని సిగ్గు.

"నన్ను పిచ్చిదాన్ని చేశారు" అంది. "ఎవరో తోడున్నారనుకుని చచ్చీ చెడీ పరిగెత్తాను. ఎవరూ లేరు."

"నేను లేనూ?"

"మీరు పరిగెత్తలేదుగా! మలుపు దాకా వెళ్లొచ్చినవాళ్లే గీత గియ్యాలి. ఊరికే వచ్చి గీసిపోవడానికి అదేమన్నా ఆటా? అది మీ అబ్బాయి పెట్టిన రూలు. ఆయన జ్వరంతో ఉండి సగంలో తిరిగొచ్చిన రోజు ఆయనే గియ్యలేదు, తెలుసా మీకు?"

కొడుకు ఊసు ఆ ఇంట్లో అంత గట్టిగా ఎవరూ ఎత్తరు. అత్తగారు చాలా చిన్న గొంతుతో అడిగింది.

"వెళ్లొస్తేనే గియ్యాలా?"

"వెళ్లొస్తేనే."

"నాకు తెలీదమ్మాయ్. వాడెప్పుడూ చెప్పలేదు."

టైలరమ్మ మిషను ముందు కూర్చుంది. సాయంత్రం దాకా పెడలు తొక్కుతూనే ఉంది. మాస్టారి ప్యాంటుకి అతుకు రెండుసార్లు తప్పుగా పడితే విప్పి మళ్లీ కుట్టింది. అన్నం దగ్గర ఇద్దరూ ఒకరి కంచంలోకి ఒకరు చూడలేదు. పడుకోబోయే ముందు ఆవిడ ఫోను తీసి పొద్దున్నే మోగే అలారం ఆపేసింది. రేపటినుంచి పరుగు లేదు. ఆ మాట పైకి అనలేదు గాని, రోజూ తలుపు పక్కన సిద్ధంగా పెట్టుకునే బూట్లు మంచం కిందికి తోసేసిన చప్పుడు పక్క గదిలోకి వినపడే ఉంటుంది.

అలారం లేకపోయినా ఆ వేళకి మెలకువ వచ్చింది. ఒంటికి పట్టిన అలవాటు. కళ్లు మూసుకుని పడుకుంది. ఎండాకాలంలో పరుగు కోసం ఆవిడ నేర్చుకున్న కిటుకులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రాత్రే నీళ్లు బాగా తాగి పడుకోవడం, మెడకి తడిగుడ్డ, తలకి టోపీ, మొదట్లో వేగం పెంచకపోవడం, కళ్లు తిరిగితే బడాయికి పోకుండా ఆగిపోవడం. అన్నీ భర్త చెప్పినవే. ఆయన చెప్పేటప్పుడు ఆవిడ ఒక్కటీ చెవిన వేసుకునేది కాదు, అయినా ఎలా గుర్తున్నాయో! పక్క గదిలో తలుపు తీసిన చప్పుడైంది. పాలకి పోతోంది అనుకుంది. మొహం గోడవైపు తిప్పుకుంది. ఏడుపొచ్చింది. ఎవరూ వినేవాళ్లు లేరని తనివితీరా ఏడ్చి, ఆ అలసటకి నిద్రపోయింది.

లేచేసరికి ఎండ గదిలోకి వచ్చి మంచం కాళ్ల దాకా పాకింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పొయ్యి వెలిగించలేదు. పాల సంచీ తలుపు వెనక కొక్కేనికి అలాగే వేలాడుతోంది. అత్తగారి చెప్పులు మాత్రం లేవు.

"అత్తయ్యా!"

పెరట్లో లేదు. షాపు వైపు లేదు. టైలరమ్మ నలిగిన బట్టలతోనే పాల కొట్టుకి పరిగెత్తినట్టుగా నడిచింది. కొట్టతను డబ్బాలు లోపలికి సర్దుకుంటున్నాడు.

"మీ అత్తగారా? తెల్లారకముందే వచ్చిందండి. పాలు తియ్యమంటారా అంటే వద్దంది. మలుపు దాకా వెళ్లొస్తా, వచ్చాక తీసుకుంటా అంది. ఆ కాళ్లతో అంత దూరం ఎక్కడికమ్మా అన్నా. వెళ్లొస్తేనే గియ్యాలంట నాయనా అంది. నాకేం అర్థం కాలేదు. ఇంకా రాలేదా?"

అతని మాట పూర్తయ్యేలోపే టైలరమ్మ పంపుహౌస్ దాటేసింది.

టోపీ లేదు, తడిగుడ్డ లేదు, కాళ్లకి ఇంట్లో తిరిగే రబ్బరు చెప్పులు. మొదట నెమ్మదిగా పోవాలన్న ధ్యాసే లేదు. తారు రోడ్డు మీంచి సెగ లేచి మొహానికి తగులుతోంది. రోజూ చీకటి విడిపోతున్నప్పుడు చూసే రోడ్డు ఈ ఎండలో కొత్తగా, రెట్టింపు పొడుగ్గా కనిపించింది. ఒక్క చెట్టు లేదు. ఒక్క మనిషి లేడు. చెప్పు జారి ఎగిరిపోయింది, ఆగలేదు. అరికాలు చుర్రుమంది, ఆగలేదు. ఇన్నాళ్లూ అడుగు అడుగుకీ తనని తాను బతిమాలుకుంటూ, ఇంకొంచెం, ఆ స్తంభం దాకా, ఈ మలుపు దాకా అని మోసం చేసుకుంటూ పరిగెత్తిన మనిషి. ఇవాళ బతిమాలే పని లేకపోయింది. నా నోరు పడిపోను, నా నోరు పడిపోను అని ఒకటే అనుకుంటూ పోయింది.

సగం దారి దాటాక, రోడ్డు పక్క కల్వర్టు గట్టు మీద అత్తగారు కనిపించింది. కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. మొహం ఊరివైపుకి తిరిగి ఉంది. అంటే మలుపు దాకా పోయి, తిరిగి వస్తూ ఆగిపోయింది. వెళ్లొచ్చింది ముసలావిడ! టైలరమ్మకి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది.

"అత్తయ్యా! ఏం పనండీ ఇది! లేవండి, నా భుజం పట్టుకోండి..."

చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి పెనంలా కాలుతోంది. మెడ మీద చెయ్యి వేసింది. అక్కడా అదే వేడి. ఒళ్లంతా పొడిగా ఉంది, ఒక్క చుక్క చెమట లేదు. చెమట పట్టినంత సేపూ భయం లేదు, ఆగిపోతేనే భయపడాలి అని భర్త చెప్పిన మాట గుర్తొచ్చింది.

ఫోను మంచం మీద ఉంది. నీళ్లు లేవు. అటు క్వారీ, ఇటు పంపుహౌస్. "ఎవరైనా ఉన్నారా!" అని గొంతు చించుకుని అరిచింది. ఎండాకాలమంతా పొద్దుటి క్వారీ లారీ తప్ప ఎవరూ రాని రోడ్డు మీదికి ఇప్పుడు మాత్రం ఎవరొస్తారు? మనిషిని మోసుకుని అంత దూరం పోలేదు. వదిలేసి పరిగెత్తితే తిరిగొచ్చేసరికి ఏమవుతుందో తెలీదు. తన నీడ అత్తగారి మొహం మీద పడేలా అడ్డంగా నిలబడి, "అత్తయ్యా, నన్ను చూడండి, నేనండీ" అని రెండు చెంపలూ పట్టుకుంది.

అత్తగారు కళ్లు తెరిచింది. ఆ కళ్లు కోడలి మొహం మీద ఆగలేదు, ఇంకా పైకి, ఇంకెవరో పొడుగాటి మనిషి మొహం ఉండే ఎత్తులోకి చూశాయి. ఎండిపోయిన పెదవుల మీద నవ్వొచ్చింది.

"వచ్చావట్రా నాన్నా" అంది. "ఇంతసేపూ ఎక్కడున్నావురా? నెమ్మదిగా మాట్లాడు. కోడలు పొద్దున్నంతా ఏడ్చి ఏడ్చి ఇప్పుడే పడుకుంది. దాన్ని లేపకు."

అని పక్కకు జరిగి, కొడుక్కి గట్టు మీద చోటిచ్చింది.